రెండు జాడీల వైన్

హరికిషన్ ఏ సరుకూ ఒక్కచోట కొనడు. ఒకడి దగ్గరే కొంటే రెండో రోజుకల్లా వాడు మన ముఖం చూసి ధర చెబుతాడని, రెండు చోట్ల కొంటే ఇద్దరూ సరుకు చూసి ధర చెబుతారని అతని సిద్ధాంతం. జనరల్ బజార్ వెనక సందులో ముప్పై రెండేళ్లుగా చాయ్‌పత్తి దుకాణం నడుస్తున్నది ఈ సిద్ధాంతం మీదే. కూరగాయలు రెండు చోట్ల, బట్టలు రెండు చోట్ల. ఆఖరికి తలనొప్పి మాత్రలు కూడా ఒక పట్టీ ఈ షాపులో, ఒక పట్టీ ఆ షాపులో. పెళ్లిసంబంధం ఒక్కటే రెండోచోట విచారించకుండా ఖాయం చేసుకున్నాడని, అందుకే తన విలువ ఆయనకు ఇప్పటికీ తెలియలేదని భార్య రజిత దెప్పుతుంటుంది.

ఈ సిద్ధాంతమే మొన్న మార్చి నెలలో ప్రేమమణి గారి కొంప ముంచింది.

చిలకలగూడలో హరికిషన్ అద్దెకుండే ఇల్లు ఆవిడదే. రిటైరైన లెక్కల టీచరు. భర్త ఆర్థర్ రైల్వేలో గార్డుగా చేసి దిగాడు. భీమవరం వైపు మనుషులు, ఉద్యోగాలకని వచ్చి ఇక్కడే పాతుకుపోయారు. పైన వాళ్లు, కింద వీళ్లు. ఇరవై ఏళ్లుగా ఇద్దరికీ ఒకే మెట్లు, ఒకే నీళ్ల ట్యాంకు. ఏటా ద్రాక్షపళ్ల కాలంలో ప్రేమమణి ఒక జాడీ వైన్ పెడుతుంది. క్రిస్మస్‌కు వచ్చినవాళ్లకు కేకు ముక్కతో పాటు చిన్న గ్లాసులో నాలుగు గుటకలు. అంతే, తాగి తూలే వ్యవహారం కాదు. ఈ ఏడు మాత్రం ఆగస్టులో వాళ్ల పెళ్లయి నలభై ఏళ్లు నిండుతున్నాయి. ఎనభై మందిని పిలుస్తున్నారు. అందుకని రెండు జాడీలు దించింది.

ఆ జాడీల వెనక ఒక కథ ఉంది. అవి ఆవిడ అత్తగారివి. వైన్ పెట్టడంలో ఆ అత్తగారికి చుట్టుపక్కల చర్చిల్లో పెద్ద పేరు. పోతూ పోతూ జాడీలు రెండూ కూతురు దేవకృపకు ఇవ్వకుండా కోడలి చేతిలో పెట్టింది. ఆనాటి నుంచి దేవకృప ప్రతి క్రిస్మస్‌కూ మౌలాలి నుంచి వచ్చి, ఆ నాలుగు గుటకలు తాగి, నలుగురిలో ఒక మాట అని వెళుతుంది. ఒక ఏడు తీపెక్కువ. ఒక ఏడు పులుపెక్కువ. మాట చిన్నదే, కానీ దాని అర్థం ఎప్పుడూ ఒక్కటే: జాడీలు తప్పు చేతికి వెళ్లాయి. ఈసారి ఆ మాట ఎనభై మంది ముందు పడకూడదని ప్రేమమణి పట్టుదల.

"హరీ, మార్కెట్లో నీకు తెలిసినవాళ్లుంటారు కదా. గింజలున్న నల్లద్రాక్ష, ఇరవై కిలోలు. అంతా ఒకటే రకం కావాలి సుమా," అని చెప్పి పంపింది.

ఒకటే అన్న మాట హరికిషన్ చెవిలో పడింది కానీ లోపలికి దిగలేదు. మోండా మార్కెట్లో పది కిలోలు ఒకచోట కొన్నాడు. గుండ్రటి కాయ, మందం తోలు, కాయకు మూడేసి గింజలు. ఇంకో పది కిలోలు పక్క వరసలో కొన్నాడు. పొడుగు కాయ, గింజే లేదు, నోట్లో వేసుకుంటే చక్కెర.

"రెండు నల్లయ్యే గదక్కా," అన్నాడు సంచులు దించుతూ. "కలిపితే ఎవ్వనికి ఎర్కైతది?"

ప్రేమమణి సంచులు చూసింది, అతణ్ని చూసింది. కలపకుండా ఒక్కో రకాన్ని ఒక్కో జాడీలో పెట్టింది. పంచదార, ఈస్టు, గుప్పెడు గోధుమలు. ఇరవయ్యొక్క రోజులు చెక్క తెడ్డుతో కలిపి, పలచటి బట్టలో వడగట్టి, నాలుగు నెలలు కదపకుండా ఉంచింది. ఆగస్టులో, ఆదివారం విందు అనగా గురువారం సాయంత్రం, రెండు మూతలూ తీసి రుచి చూసింది.

హరికిషన్ దుకాణం కట్టేసి వచ్చేసరికి మెట్ల మీద ఆషర్ ఎదురయ్యాడు. ప్రేమమణి కొడుకు, హైటెక్ సిటీలో ఉద్యోగం.

"అంకుల్, అమ్మ రమ్మంటోంది. కొంచెం సీరియస్."

పైన డైనింగ్ టేబుల్ మీద రెండు గ్లాసులు. ఒకదాంట్లో సిరా అంత చిక్కటి ఎరుపు. రెండోదాంట్లో రోజ్ షర్బత్ లాంటి లేత ఎరుపు.

"రా హరీ, కూర్చో. నువ్వు తెచ్చిన రెండు రకాలూ ఏం చేశాయో చూడు. ఇది నోట్లో పోస్తే నాలుక పళ్లకు అతుక్కుపోతోంది. ఇదేమో పిల్లల దగ్గుమందు. రెండూ పనికిరావు."

"రెండూ బ్రహ్మాండంగా ఉన్నాయి," అన్నాడు ఆర్థర్ పేపరు వెనక నుంచి.

"మీరుండండి. ఈ నలభై ఏళ్లలో మీరు బాగాలేదన్న వంట ఒక్కటి చెప్పండి."

"చెప్పను. చెప్పినవాళ్ల గతి చూశాను."

ఆషర్ లోపలికి వెళ్లి ఒక సీసా తెచ్చాడు. విందులో తక్కువైతే ఉంటుందని కొన్నాడట. నాసిక్ వైపు తయారైంది. మీద రెడ్ బ్లెండ్ అని రాసి ఉంది. "అమ్మా, వైన్ చేసేవాళ్లు కావాలనే రెండు మూడు రకాలు కలుపుతారు. ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లోంచి తీసుకుంటారు. మనం కూడా ఈ రెండూ కలిపేద్దాం."

"కలిపితే కల్తీ కాదూ?" అంది ప్రేమమణి.

హరికిషన్‌కు ఎక్కడో కాలింది. "అక్కా, గా మాట ఒక్కటి అనొద్దు. కల్తీ వేరు, కలుపుడు వేరు. నా అన్నమే కలుపుడు మీద నడుస్తది."

అది నిజం. ఏ తోట టీ ఆకూ ఒక్కటే మంచి చాయ్ కాదు. రంగుకు ఒకటి, నాలుకకు గట్టిగా తగిలే కడక్‌కు ఒకటి, ముక్కుకు తగిలే ఖుష్బూకు ఒకటి వేయాలి. ఏది ఎంత అన్నదే వ్యాపారం. ఇరానీ హోటళ్లవాళ్లు పాతికమంది అతని దగ్గరే కొంటున్నారంటే, ఆ పాళ్లు అతని నాలుక మీద ఉండబట్టే. ఎవరైనా తమకు నచ్చిన చాయ్ తెచ్చి ఇలాంటిదే కావాలంటే, అందులో ఏమేమున్నాయో విప్పి చెప్పి, అదే మేళవింపు మర్నాటికల్లా తయారు చేస్తాడు.

"ఆషర్, గా సీస తెరువు. ఒక తెల్ల కప్పు తే, ఒక చెంచ తే. ఒక ఖాళీ గిన్నె సుత తే."

"గిన్నె ఎందుకంకుల్?"

"ఉమ్మనీకె."

ఇక్కడ హరికిషన్ ఒట్టు సంగతి చెప్పాలి. అతని నాన్న తాగేవాడు. మంచివాడే, తాగితే మరీ మంచివాడైపోయేవాడు, ఎవరేమడిగినా ఇచ్చేసేవాడు. ఒక సాయంత్రం తన దుకాణంలో సరుకు తూచే తరాజు ఎవరికో ఇచ్చేసి వచ్చాడు. ఎవరికిచ్చాడో మర్నాడు ఆయనకే గుర్తు లేదు. అందుకే హరికిషన్ సొంతంగా దుకాణం తెరిచిన రోజున తల్లి అనసూయమ్మ అతని చేయి తన నెత్తిన పెట్టించుకుంది. "చుక్క గొంతు దిగొద్దు" అంది. ముప్పై రెండేళ్లు, చుక్క దిగలేదు. ఇప్పుడు కూడా దిగదు. నాలుక మీదికి వచ్చి, తిరిగి బయటికి వెళ్లిపోయే సరుకు గొంతు లెక్కలోకి రాదని అతను టేబుల్ ముందు కూర్చున్నప్పుడే తేల్చుకున్నాడు.

చెంచాతో తీసి, పొద్దున్నే దుకాణంలో చాయ్ చూసినట్టే, సుర్రుమని పీల్చాడు. ఆ చప్పుడుకి ఆర్థర్ పేపరు దించాడు. హరికిషన్ కళ్లు మూసుకుని పుక్కిట పట్టి, ఈ చెంప నుంచి ఆ చెంపకు తిప్పి, గిన్నెలో తుపుక్కున ఉమ్మాడు.

"అయ్యో అయ్యో, హరీ! అన్నం తినే బల్ల మీదా!"

"అమ్మా, వైన్ నిపుణులు అచ్చం ఇంతే చేస్తారు. వీడియోల్లో చూశాను. అంకుల్, మీరు ప్రొఫెషనల్!"

హరికిషన్ ఎవరి మాటా వినడం లేదు. మళ్లీ పీల్చాడు, మళ్లీ ఉమ్మాడు. "దీంట్ల మూడున్నయి," అన్నాడు. "ఒకటి మోటు మనిషి. రంగు, వగరు అంత వానిదే. ఇంకోటి మెత్తది, లోపల పండు వాసన ఉన్నది. మూడోది జెరంతే ఏసిండు. మిరియాల ఘాటు లెక్క ముక్కుకు తగుల్తున్నది సూడు, అది."

ఆషర్ సీసా తిప్పి వెనక చీటీ చదివాడు. మూడు ద్రాక్షల పేర్లున్నాయి. మూడోది వందకు పది పాళ్లే.

"నాకు అప్పజెప్పక్కా," అన్నాడు హరికిషన్, ఛాతీ కాస్త ముందుకు వచ్చింది. "తప్పు నాదే. నేనే సీద జేస్త."

"సరే. కానీ చెడగొట్టావో, ఆదివారం మా వదిన ముందు నిలబడి జవాబు నువ్వే చెప్పాలి."

శుక్రవారం మధ్యాహ్నమే అతను పని మొదలుపెట్టాడు. ప్రేమమణి వదినగారిని స్వయంగా పిలవడానికి మౌలాలి వెళ్లింది. అతనికదే మేలనిపించింది. పక్కన మనిషి ఉంటే పాళ్లు కుదరవు. కిటికీ దగ్గర తెల్ల కప్పులో ఆషర్ సీసా వైన్ పోసి నమూనాగా పెట్టుకున్నాడు. రెండో కప్పులో రెండు జాడీలదీ చెంచాలతో లెక్కపెట్టి కలుపుతూ వచ్చాడు. సగం సగం కలిపితే రంగు తేలిపోయింది. ఆరుకు నాలుగు వేస్తే కొంచెం దగ్గరికొచ్చింది. సిరా రంగు నల్లది ఏడు చెంచాలు, లేత రంగు తియ్యది మూడు చెంచాలు వేసేసరికి రెండు కప్పులూ కవలపిల్లల్లా ఉన్నాయి. నోట్లో వేసుకుంటే నాలుకకు గట్టిగా తగిలింది. కడక్! చాయ్‌లో దీనికే కదా జనం పడిచచ్చేది.

తన గొంతు దిగకూడదు కాబట్టి ఆర్థర్‌ను పిలిచి తాగించాడు.

"ఎట్లున్నది సార్?"

"బ్రహ్మాండం."

అది చాలనుకున్నాడు. ఆర్థర్ బ్రహ్మాండానికి ధర ఎంతో నిన్ననే విన్నాడు కూడా. కానీ వ్యాపారి తన సరుకు మీద మోజు పడ్డాక వినేది తనకు కావలసిన మాటే. ఒక్కో జాడీలో పది సీసాల వైన్ ఉంది. నల్లది ఏడు సీసాలు, తియ్యది మూడు సీసాలు పెద్ద గిన్నెలో కలిపేసి, మూత పెట్టి, ఈల వేసుకుంటూ కిందికి దిగాడు.

శనివారం సాయంత్రం ప్రేమమణి రుచి చూసింది. ఆవిడ ఉమ్మే మనిషి కాదు కదా, మింగింది. మింగి గ్లాసు కింద పెట్టింది.

"నోట్లో బాగానే ఉంది హరీ. గొంతులోకి దిగేటప్పుడు పట్టుకుంటోంది. కరక్కాయ కొరికినట్టుంది."

హరికిషన్ చెంచాతో పీల్చాడు, ఉమ్మాడు. "నా నోట్ల మంచిగనే ఉన్నది."

"నీ నోట్లో ఉంటే ఏం లాభం? తాగడానికి వచ్చినవాళ్లు ఉమ్మరు కదా!"

ఆషర్ కూడా మింగి, దగ్గి, నీళ్లు తాగాడు. "నిజమే అంకుల్. చివర్లో గీసుకుపోతోంది." ఆర్థర్ మాత్రం బాగుందనే అన్నాడు. ఈసారి ఎవరూ అతని వైపు చూడలేదు.

రేపు ఈపాటికి విందు కూడా అయిపోతుంది. కలిపింది పది సీసాలు, విప్పడానికి వీల్లేదు. హరికిషన్ కుర్చీలో కూలబడి లెక్క వేసుకున్నాడు. పొద్దున్నే చాయ్ వంద రకాలు చూసి ఉమ్ముతాడు. నిజమే. కానీ రోజుకు ఐదు కప్పులు తాగుతాడు కూడా. ఏ వగరు గొంతులో ఏం చేస్తుందో, ఏది ఎంతసేపు ఉంటుందో ముప్పై ఏళ్లుగా అతని గొంతుకు తెలుసు. వైన్ విషయంలో గొంతుకు తెలిసింది సున్నా. నాలుక ఎంత గొప్పదైనా సగం దారి వరకే సాక్ష్యం చెప్పగలదు. మిగతా సగం తెలియాలంటే మింగాలి. మింగాలంటే కింద అంతస్తులో అనుమతి కావాలి.

అనసూయమ్మ పీట మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఎనభై దాటినా చేతివేగం తగ్గలేదు.

"అమ్మా, ఒక మాట."

"పైసల మాటైతే రేపు రా."

"పైసల్ గాదే. ఒట్టు మాట."

ఆవిడ చేతిలో గింజ ఆగింది. "ఎవడు తాగుమంటున్నడు నిన్ను?"

"తాగుడు గాదు. మింగుడు."

"ఆహా. దొంగతనం గాదు, ఎత్కపోవుడు."

"పైన టీచరమ్మ పరేషాన్ల ఉన్నదే. రేపు ఇంటినిండ సుట్టాలు. నేను కలిపిందే ఖరాబైంది. గొంతుల పట్టుకుంటున్నదట, ఎందుకో నాకు సమజైతలేదు. మింగితే ఎర్కైతది."

"ఎన్ని గుటకలు?"

"ఐదు."

"ఒకటి."

"మూడియ్యే. ఒక్కదాంట్ల ఏం ఎర్కైతది?"

"మీ నాయిన సుత ఒక్కటే అని షురూ జేసిండు." అనసూయమ్మ చింతపండు పళ్లెం పక్కకు జరిపింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. కాసేపు ఆలోచించి గోడ పట్టుకుని లేచింది. "నడు. నేను సూస్త."

"నువ్వా?"

"ఒట్టు నీకు పెట్టిన. నాకు పెట్టుకోలే గద."

పదకొండు మెట్లు, మధ్యలో రెండుసార్లు ఆగి, పైకి వచ్చింది. ప్రేమమణి గబగబా కుర్చీ లాగింది. గాజు గ్లాసులో పోయబోతే అనసూయమ్మ చేయి అడ్డం పెట్టింది.

"గాజుదొద్దు బిడ్డా, జారుతది. స్టీలు గిలాస తే."

"స్టీలుదాంట్లో రంగు కనపడదు పెద్దమ్మా."

"రంగు తాగుతమా?"

హరికిషన్‌కు ఆ మాట ఎక్కడో తగిలింది కానీ అప్పటికింకా అర్థం కాలేదు. అనసూయమ్మ ఒక గుటక తీసుకుంది. పెదాలు మూసి, నోట్లో ఒకసారి తిప్పి, మింగింది. మింగాక, ఎవరో వస్తారని ఎదురుచూస్తున్నట్టు కాసేపు కూర్చుంది. ఆ తీరు చూస్తే కొత్తగా తాగుతున్న మనిషిలా లేదు.

"అమ్మా, నువ్వు ఇంతకు ముంగట..."

"మాది బొల్లారం అవతల పల్లె గాదురా? పొద్దటి కల్లు తియ్యగుంటది, మాపటి కల్లు కొడ్తది. మా నాయిన రెండు కలిపి పోసెటోడు. పండుగొస్తె ఆడోళ్లం అందరం తాగుతుంటిమి."

"ఇన్నేండ్లు నాకు చెప్పనే లేదు!"

"నువ్వు అడిగినవా?"

ఆషర్ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లాడు. అనసూయమ్మ ఇంకో చిన్న గుటక వేసుకుని గ్లాసు దించింది.

"సరుకు మంచిదే. గని గిది పాలు పొయ్యని చాయ్ లెక్క ఉన్నదిరా," అంది.

హరికిషన్ కుర్చీలోంచి సగం లేచి అలాగే ఆగిపోయాడు. ముప్పై రెండేళ్లుగా అతను కలిపిందంతా పాలు పోసుకునే సరుకు. వగరు ఎంత ఎక్కువ వేసినా, హోటలువాడు చిక్కటి పాలు పోస్తాడు, చక్కెర వేస్తాడు, కోపమంతా దిగిపోయి కడక్ మాత్రం మిగులుతుంది. రంగు చిక్కగా వేసేదీ అందుకే, పాలు పడ్డాక కూడా ఎర్రగా కనపడాలని. తన చేయి తెలియకుండానే వైన్‌ను కూడా పాలకు సరిపడా కలిపేసింది. కానీ వైన్‌లో ఎవడు పాలు పోస్తాడు? అది ఉన్నదున్నట్టు, ఏ సాయమూ లేకుండా గొంతు దిగాలి.

"అక్కా," అన్నాడు, "తియ్య జాడీల ఇంకెంతున్నది?"

"నువ్వు మూడు సీసాలు తీశావు. ఏడుంటాయి."

లెక్కల టీచరు, చాయ్‌పత్తి వ్యాపారి ఒక్కసారే నోట్లో గొణుక్కున్నారు. గిన్నెలో నల్లది ఏడు, తియ్యది మూడు. ఆ ఏడు తియ్యదీ పోసేస్తే నల్లది ఏడుకు తియ్యది పది. మొత్తం పదిహేడు సీసాలు. నల్ల జాడీలో మూడు సీసాలు మిగులుతాయి, మిగలనీ.

హరికిషన్ ఈసారి తొందరపడలేదు. ముందు కప్పులో, అవే పాళ్లు, చెంచాలతో. రంగు సీసా నమూనా కన్నా లేతగా వచ్చింది. మనసు ఒప్పలేదు కానీ నోరు మూసుకున్నాడు. అనసూయమ్మ తాగి తలాడించింది. "ఆ. గిప్పుడు దిగుతున్నది." ప్రేమమణి తాగింది. కళ్లు పెద్దవి చేసి, మళ్లీ తాగింది.

"ఇగ నువ్వు," అంది అనసూయమ్మ కొడుకుతో. "ఒక్కటి. నా ముంగట."

యాభై నాలుగేళ్ల హరికిషన్ స్కూలు పిల్లాడిలా రెండు చేతులతో కప్పు పట్టుకున్నాడు. సుర్రుమనలేదు. ముందు నాలుక కొసకు తీపి తగిలింది, నేరేడు పండు కొరికినంత, ఎక్కువ కాదు. ఆ వెనకే బుగ్గల లోపలికి వగరు వచ్చింది. నిన్న పెత్తనం చేసిన వగరే, ఇవాళ ఒదిగి కూర్చుంది. ఆ తీపి చప్పబడకుండా కాచుకోవడమే దాని పని. తర్వాత మింగాడు. గొంతు దిగుతూ సన్నటి వెచ్చదనం. ఇక అయిపోయిందనుకున్నాడు. అయిపోలేదు. దిగిపోయిన తర్వాత వెనక్కి ఒక వాసన తిరిగి వచ్చింది, ఎండు ద్రాక్షలాంటిది, కొంచెం లవంగం లాంటిది. మంచి చాయ్ రుచి నోట్లో ఐదు అంకెలు లెక్కపెట్టే వరకు ఉంటుంది. ఇది పదకొండు వరకు ఉంది. అతను పదకొండూ లెక్కపెట్టాకే కళ్లు తెరిచాడు.

"ఏం ఎర్కైంది?" అంది తల్లి.

"ఉమ్మితే సగమే ఎర్కైతదని," అన్నాడు హరికిషన్, కప్పు మర్యాదగా దూరం జరుపుతూ.

ఆదివారం చర్చి అయ్యాక మేడ మీద షామియానా కింద ప్రార్థన జరిగింది, కేకు కోశారు. ఆషర్ ట్రేలో చిన్న గ్లాసులు తిప్పాడు. ముందు వరసలో తెల్లచీరలో దేవకృప. డెబ్బై నాలుగేళ్ల నిటారు మనిషి. ఆవిడ గ్లాసు ఎత్తేసరికి ప్రేమమణి పక్కనున్న హరికిషన్ మోచెయ్యి పట్టుకుంది. ఎవరి మోచెయ్యో చూసుకుని పట్టుకున్నట్టు లేదు.

దేవకృప తాగింది. గ్లాసులోకి చూసింది. మిగిలింది కూడా తాగింది.

"ప్రేమా, ఇది ఏ కొట్లో కొన్నావు?"

చుట్టూ ఉన్నవాళ్లు ఇటు తిరిగారు.

"కొనలేదు వదినా. నేను పెట్టిందే."

"నాకు చెప్పకు. అమ్మ జాడీలో ఇంత నున్నటి వైన్ ఏనాడూ రాలేదు. అమ్మకే రాలేదు, నీకెలా వస్తుంది? జాడీలేవీ, చూపించు."

ఆవిడ లేచి మెట్లు దిగి వంటింట్లోకి నడిచింది. వెనక ప్రేమమణి, ఆ వెనక హరికిషన్. జవాబు చెప్పాల్సింది తనే కదా. దేవకృప ఒక జాడీ మూత తీసింది. అడుగున మడ్డి తప్ప ఏమీ లేదు, వాసన మాత్రం తియ్యగా ఉంది. రెండోది తీసింది. అందులో నల్లది మూడు సీసాలంత ఉంది. గరిటెతో కొంచెం తీసుకుని నోట్లో పోసుకుంది.

"అది ఉత్తదే తాగొద్దమ్మా, గొంతు పట్టుకుంటది," అన్నాడు హరికిషన్ ఉండబట్టలేక.

దేవకృప ముఖం ముడుచుకుంది. పెదాలు బిగిశాయి. మింగి, గట్టు పట్టుకుని నిలబడింది. "ఇదీ," అంది. "ఇదీ అమ్మ వైన్. ఇదే వగరు. తాగగానే ముఖాలు ఇలాగే పెట్టేవాళ్లం, అమ్మ మమ్మల్ని చూసి నవ్వేది." ఇంకో గరిటె తీసుకుంది. మళ్లీ ముఖం ముడుచుకుంది. ఈసారి నవ్వుతూ. "పైన పోసింది మాత్రం నీది ప్రేమా. బాగుంది. అమ్మదానికన్నా బాగుంది. ఇంకోసారి చెప్పమంటే చెప్పను."

ప్రేమమణి దగ్గర ఇన్నేళ్లుగా సిద్ధం చేసి పెట్టుకున్న జవాబులు చాలానే ఉండి ఉంటాయి, ఈ మాటకు సరిపోయేది ఒక్కటీ లేనట్టుంది. చివరికి నల్ల జాడీ మూత గట్టిగా బిగించి, గుడ్డ చుట్టి, వదినగారి ముందుకు జరిపింది.

"ఇది మీరు తీసుకెళ్లండి."

"వైనా?"

"జాడీ కూడా."

భోజనాలయ్యాక ఆ జాడీని వీధిలోకి మోసింది హరికిషనే. పైన షామియానా కింద అనసూయమ్మ స్టీలు గ్లాసుతో ఆర్థర్ పక్కన కూర్చుని కల్లు సంగతులేవో చెబుతోంది, ఆర్థర్ ప్రతిదానికీ తలూపుతున్నాడు. ఎన్నో గ్లాసని అడగడానికి కొడుక్కి ధైర్యం చాలలేదు. దేవకృప అతని వెనకే ఒక్కో మెట్టూ దిగుతూ, "మెల్లగా బాబూ, వంచకు, నిటారుగా పట్టుకో," అని పురమాయిస్తూనే ఉంది. ఆటోలో జాడీని కిందపెట్టనివ్వలేదు. ఒళ్లో పెట్టించుకుని రెండు చేతులూ చుట్టింది.

ఆటోడ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. "ఏమున్నదమ్మా జాడీల? తొక్కు పచ్చడా?"

"నీకెందుకయ్యా, గుంతలు చూసుకుని నడుపు," అంది దేవకృప.